చెవి మిషన్ల ఆగకుంట వచ్చే ఉష్షుమనే సప్పుడు గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే అండి. మాది నల్గొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె. పోయిన దసరాకు ముందు నల్గొండ క్లాక్ టవర్ దిక్కున్న మీ డీలర్ దగ్గర మా నాయనకు మీ కంపెనీ చెవి మిషన్లు తీసుకున్నం, రెండింటికి కలిపి 46,000 అయినయ్, ఆ కారు వడ్ల పైసలు చాన మట్టుకు అండ్లనే పోయినయ్.

నలుగురున్న కాడ మిషన్ మంచిగనే పనిచేస్తది, సంతల గాని పెండ్లిల గాని ఏం తిప్పలు లేదు. ఊరు సద్దుమణిగినంక, ఇంట్ల ఫ్యాన్ గూడ బంద్ చేసి కూసుంటే అప్పుడు మొదలైతది, ఉష్షుమని సన్నగ, ఆగకుంట. గ్యాస్ లీకయినట్టు ఉంటదంటడు నాయన. మొదట్ల నిజంగనే గ్యాస్ అనుకుని రెండు సార్లు రాత్రి లేచి వంటింట్లకు పోయి సిలిండర్ చూసొచ్చిండు.

డీలర్ దగ్గరికి మూడు సార్లు పోయినం. ఒకసారి బ్యాటరీ మార్చి పంపిండ్రు. రెండోసారి, వయసు మీద పడ్డది కదా పెద్దాయనకు చెవుల హోరు ఉంటది, మిషన్ల ఏం లేదు అన్నరు. గా మాట మా నాయన ముంగటనే అన్నరు, ఆయన దారి పొడుగునా బస్సుల ఏం మాట్లాడలే. హోరయితే మిషన్ తీసినంక ఇంకా ఎక్కువ తెల్వాలె కదండి? ఈయనకు ఆఫ్ చేస్తే సప్పుడు ఆగిపోతది, ఆన్ చేయంగనే మళ్లొస్తది. ఇంట్ల నేను గూడ పెట్టుకొని చూసిన, నాకు గూడ ఇనబడ్డది, కుడి మిషన్ల ఇంకా ఎక్కువ. మూడోసారి స్టెతస్కోప్ లాంటి గొట్టం పెట్టి చూసి ఏం వస్తలేదు అన్నరు. ఎట్ల వస్తదండి, షాపు రోడ్డు మీదనే ఉంది, తలుపు తెరిచే ఉంది, బయట ఆటోల హారన్లు. నిశ్శబ్దంల ఇనబడే సప్పుడును హారన్ల నడుమ ఎతుకుతే ఎప్పటికీ దొరకది.

ఇక్కడ ఒక సంగతి మీ డీలర్‌కు మీరే చెప్పాలె. మా నాయన మిర్యాలగూడ రైస్ మిల్లుల 28 ఏండ్లు పాలిషర్ పక్కనే పనిచేసిండు. మిల్లు మోతకు పోయినవి కీచు సప్పుళ్లు, సీత అంటే ఈత అని ఇనబడతది ఆయనకు. ఆడియోగ్రామ్, అంటే చెవి పరీక్ష రిపోర్ట్ చూడండి, అండ్ల డెసిబెల్స్ లెక్క ఎంత పెరిగితే ఇనుడు అంత తగ్గినట్టు. బొంగురు సప్పుళ్లు, 250, 500 హెర్ట్జ్ కాడ 20, 25 డెసిబెల్స్, అంటే దాదాపు మంచి చెవే, కీచు సప్పుళ్లు, 4000 కాడికి వచ్చేసరికి రెండు చెవులకు 65 అయింది. ఇట్ల కొంత మంచిగ, కొంత పోయిన చెవులున్నోళ్లకే మిషన్ల మైకుది, సర్క్యూట్‌ది సొంత సప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడతదని చెవి డాక్టరు చెప్పిండు. చిన్న సప్పుడును ఎక్కువ, పెద్ద సప్పుడును తక్కువ పెంచేటట్టు మిషన్‌ను సెట్ చేస్తరంట, అందుకే చుట్టూ ఏం లేనప్పుడు మిషన్ తన సప్పుడునే పెద్దగ చేసి ఇనిపిస్తది. మరీ చిన్న సప్పుడును పెంచకుంట అణిచిపెట్టే ఎక్స్‌పాన్షన్ అనే సెట్టింగ్ ఉంటదని గూడ చెప్పిండు. మీ డీలర్‌ను అడిగితే అసొంటిది ఈ మోడల్ల లేదన్నడు, సెట్టింగులు చూసే లాప్‌టాప్ అయితే తెరవలే. నిజంగనే లేదా? లేకపోతే అమ్మేటప్పుడే చెప్పాలె కదా.

రెండు చెవుల రిపోర్ట్ ఒక తీరుగనే ఉన్నప్పుడు కుడి దాంట్ల ఎక్కువ ఎందుకొస్తుందో గూడ చెప్పండి. మీ డేటా షీట్ల ఈక్వివలెంట్ ఇన్‌పుట్ నాయిస్ అని, మిషన్ సొంత సప్పుడు ఎంతనో చెప్పే ఒక లెక్క ఉంటది కదా, మా మిషన్లను టెస్ట్ బాక్సుల పెట్టి కొలిచి ఆ లెక్కకు లోపల ఉన్నయో లేవో రాసియ్యండి. దాటితే ఆ పీస్ మార్చాలె. దాటకపోతే, సప్పుడు రాని గదిల కూసోబెట్టి నాయనను అడుక్కుంట సెట్టింగ్ చేయాలె. రెండూ కాదంటే పైసలు వాపస్ ఇయ్యండి.

ఇప్పుడు ఆయన చేస్తున్న పనేందంటే, పొద్దూకంగనే మిషన్లు తీసి కిటికీల పెడుతుండు. మా బిడ్డ బడి ముచ్చట్లు తాత పక్కన అరుగు మీద కూసొని చెప్పేది గప్పుడే, చిన్న గొంతు దానిది. ఈయన తల ఊపుకుంట కూసుంటడు, అది ఒకటే మాట మూడు సార్లు చెప్పి లేచి పోతది. దీనికోసమే కొన్నమండి మేము మిషన్లు.

15 రోజుల్ల జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు చేసి, నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్ల కేసు ఏస్త, 5 లక్షల లోపు దానికి ఫీజు గూడ లేదు. బిల్లు, వారంటీ కార్డు, ఆడియోగ్రామ్ ఫొటోలు దీంతోనే పెట్టిన. మీ టెక్నీషియన్‌ను పంపిస్తే రాత్రి ఎనిమిది దాటినంక వచ్చేటట్టు పంపండి, ఆ టైంకు మా వాడల సప్పుడుండది.

ఇట్లు,
మీ కస్టమర్