మాగినదని పంపినది ముక్కిపోయింది: బార్లీవైన్ పెట్టె గురించి ఫిర్యాదు

డార్బీ,
6 జనవరి 2025

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: నాలుగు వేర్వేరు సంవత్సరాలలో తయారైన బార్లీవైన్ సీసాల పెట్టెను తిప్పి పంపడం, పూర్తి సొమ్ము వాపసు, పెట్టెతో ఇచ్చిన తెలుగు కరపుస్తకంలోని తప్పుల సవరణ గురించి.

అయ్యా / అమ్మా,

నమస్కారం. ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇక్కడి సంప్రదాయ బీర్లను తెలుగులోనే పరిచయం చేస్తామని మీ సంస్థ ప్రకటించినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించినవారిలో నేనొకడిని. ఆ సంతోషంతోనే గత నవంబరులో 62 పౌండ్లు చెల్లించి, ఒకే బ్రూవరీ (బీరు కాచే సంస్థ) 2014, 2017, 2020, 2023 సంవత్సరాలలో తయారుచేసిన బార్లీవైన్ (ఏళ్ల తరబడి దాచుకోదగిన ఒక రకం బలమైన బీరు) సీసాలు నాలుగు ఉన్న పెట్టెను తెప్పించుకున్నాను. అవి చల్లని సెల్లార్‌లో, అంటే నేలమాళిగలో, జాగ్రత్తగా మాగబెట్టినవని మీ ప్రకటనలో స్పష్టంగా ఉంది. పెట్టె డిసెంబరు 14న అందింది. తెరిచిన మూడు సీసాలలో రెండు పాడైపోయి ఉన్నాయి. అవి పాడైంది బ్రూవరీలో కాదని, ఆ తరువాత నిల్వ ఉన్న చోటనేనని చెప్పడానికి నా దగ్గర ఆధారాలున్నాయి. తయారీదారుల తప్పు ఇందులో లేదు కనుక వారి పేరును ఈ లేఖలోకి తీసుకురావడం లేదు. జతచేసిన రసీదులో సరుకు వివరాలన్నీ ఉన్నాయి.

ఈ సంగతి డిసెంబరు 30న ఈమెయిలులో తెలియజేస్తే, జనవరి 2న మీ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. పాత బీరు రుచి అలాగే ఉంటుందన్నది మొదటి వాక్యం. గడువు తేదీ దాటలేదు కనుక సరుకులో లోపం లేనట్లేనన్నది రెండవది. ఈ రెండూ సరికావు. అవి ఎందుకు సరికావో వివరంగా చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు గడువు తేదీ విషయం చూద్దాం. మీరు పంపిన సీసాల మీద అసలు గడువు తేదీయే లేదు. ఆల్కహాలు 10 శాతం, అంతకు మించి ఉన్న పానీయాలకు అటువంటి తేదీ వేయనక్కరలేదని ఇక్కడి ఆహార లేబుళ్ల నిబంధనలు మినహాయింపు ఇస్తున్నాయి; ఈ బార్లీవైన్ 11.5 శాతం. లేని తేదీ దాటలేదని చెప్పి సరుకు బాగుందని ఎలా తేలుస్తారు? పైగా ఇలాంటి సీసా మీద కొనేవాడికి ఆధారంగా ఉండేవి రెండే: అది తయారైన సంవత్సరం, దాన్ని ఎలా దాచామన్న అమ్మకందారు మాట. మొదటిది లేబులు మీద కనిపిస్తుంది, రెండవదాన్ని మాత్రం మిమ్మల్ని నమ్మి తీసుకోవలసిందే. నా ఫిర్యాదంతా ఆ రెండవదాని గురించే.

ఇక పాత బీరు రుచి అలాగే ఉంటుందన్న మాట. పాత బియ్యానికీ ముక్కిపోయిన బియ్యానికీ ఉన్న తేడా తెలియని తెలుగు ఇల్లు ఉండదు. రెండూ పాతవే, కానీ ఒకదానికి ఎక్కువ ధర ఇచ్చి కొంటాం, రెండవదాన్ని పారబోస్తాం. బార్లీవైన్ విషయమూ అంతే. ఏల్ అనే ఇక్కడి సంప్రదాయ బీరులో మామూలు రకాన్ని తాజాగా ఉండగానే తాగేయాలి. బార్లీవైన్‌ను ఏళ్ల తరబడి దాచుకోగలగడానికి కారణం దాని తయారీలోనే ఉంది. మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీళ్లలో నానబెట్టినప్పుడు ముందుగా దిగే చిక్కటి తియ్యని రసాన్ని ఈ బీరుకు వాడతారు. అదే మాల్ట్ మీద మళ్లీ నీళ్లు పోసి తీసే పలచటి రసంతో పూర్వం తేలికపాటి బీరు చేసేవారు. ఆ చిక్కటి రసాన్ని చాలాసేపు మరిగిస్తే రంగు ముదిరి, పాకం రుచి వస్తుంది. ఆల్కహాలు ఎక్కువగా ఉండటం, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు దండిగా పడటం వల్ల అది త్వరగా చెడదు. కెంట్ వైపు పండే గోల్డింగ్స్ హాప్స్, 1960లలో కేంబ్రిడ్జ్‌లో రూపొందించిన మారిస్ ఆటర్ బార్లీ ఈ పనికి పేరుపడ్డవి. చల్లగా, చీకట్లో ఉంచిన సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ హాప్స్ చేదు మెత్తబడి, ఎండు ఖర్జూరం, ఎండుద్రాక్ష, నారింజ తొక్క మార్మలేడ్, షెర్రీ (ఒక రకం ఘాటైన వైన్) వంటి వాసనలు పైకి వస్తాయి. అదే సీసా వేడిగా ఉన్న గదిలో నెలల తరబడి పడి ఉంటే వచ్చేది తడిసిన అట్ట వాసన. అడుగున ఉన్న ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) చచ్చి కరిగిపోవడం వల్ల సోయా సాస్‌లాంటి ఉప్పటి మాంసపు వాసన కూడా తోడవుతుంది. మొదటిది మాగడం, రెండవది పాడవడం. పదేళ్లు గడిచినంత మాత్రాన ఈ రెండూ ఒకటైపోవు.

ఇప్పుడు నా ఆధారాలు చెబుతాను. సీసాలు అందిన రోజే వాటిని నిలబెట్టి, అడుగున మడ్డి కుదురుకోవడానికి రెండు వారాలు కదపకుండా ఉంచాను. దుమ్ము తుడుస్తున్నప్పుడే 2014 సీసా మీద నా చూపు ఆగింది. మడ్డి అడుగున గుండ్రంగా పేరుకోవలసింది పోయి, సీసా మెడ నుంచి పీఠం దాకా ఒక పక్కనే, వేలెడు వెడల్పున, బూడిదరంగు గీతలా అంటుకుని ఉంది. రెండు వారాల తరువాత కూడా ఆ గీత కదలలేదు. అంటే ఆ సీసా ఏళ్ల తరబడి పడుకోబెట్టి ఉంది. రేకు మూత ఉన్న బీరు సీసాను నిలబెట్టే దాచాలి. బిరడా తడిగా ఉండాలని ద్రాక్ష వైన్‌ను పడుకోబెట్టే పద్ధతి దీనికి పనికిరాదు. మూత తీసి చూస్తే దాని లోపలి అంచు చుట్టూ తుప్పు పట్టి ఉంది. 2017 సీసా లేబులు ఎడమ సగం ముదురు ఎరుపు, కుడి సగం వెలిసిపోయిన గులాబీ రంగు. చీకటి సెల్లార్‌లో ఉన్న కాగితం అలా ఒక పక్కనే వెలిసిపోదు, కిటికీ పక్కన ఉంటేనే అలా అవుతుంది. ఈ రెండింటి ఛాయాచిత్రాలు జతచేశాను.

ఇంతకంటే బలమైన ఆధారం ఇంకొకటి ఉంది. అదే బ్రూవరీ, అదే 2017 బార్లీవైన్ సీసాను నేను ఆ ఏడాదే కొని దాచుకున్నాను. మా ఇల్లు విక్టోరియా కాలపు వరుస ఇళ్లలో ఒకటి. దాని కింద ఒకప్పుడు బొగ్గు పోసుకున్న చిన్న సెల్లార్ ఉంది. అక్కడ గోడకు తగిలించిన థర్మామీటరు చలికాలంలో 9 డిగ్రీలు, ఎండాకాలంలో 14 డిగ్రీలు దాటదు. డిసెంబరు 28 సాయంత్రం నా సీసానూ మీ సీసానూ రెండింటినీ 12 డిగ్రీల దగ్గర, ఒకే రకం గ్లాసులలో, పక్కపక్కనే పోశాను.

ఆ సాయంత్రం తెనాలి నుంచి వచ్చిన మా బాబాయి గారు, ఇద్దరు సహోద్యోగులు ఉన్నారు. ముగ్గురూ బార్లీవైన్ రుచి చూడటం అదే మొదటిసారి. ఏ గ్లాసు ఏదో ముందుగా ఎవరికీ చెప్పలేదు. నా సీసా నుంచి వచ్చినది టేకు చెక్కకు మెరుగు పెట్టినట్లు ఎర్రని గోధుమరంగులో, దీపం వెలుగులో అవతలివైపు కనిపించేంత తేటగా ఉంది. గ్లాసును అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబడనిచ్చాక బాబాయి గారు వాసన చూసి, "ఒరేయ్, అరిసెల పాకం ముదిరి, ఇంక దించకపోతే మాడుతుందనగా వస్తుందే, ఆ వాసనరా ఇది" అన్నారు. ఇన్నేళ్లలో ఈ బీరు గురించి నేను విన్న వర్ణనలన్నిటిలో అంత సరిగ్గా అతికిన మాట మరొకటి లేదు. మింగిన తరువాత తీపి నెమ్మదిగా విడిపోయి, గొంతులో వెచ్చదనం, నాలుక అంచుల మీద నారింజ తొక్క చేదు చాలాసేపు నిలిచాయి. మీ సీసా నుంచి వచ్చినది మట్టిరంగులో మసగ్గా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే వానకు నానిన అట్టపెట్టె, దాని వెనుక సోయా సాస్. నోట్లో తీపి ఉంది గానీ దానికి ప్రాణం లేదు. బాబాయి గారు ఒక్క గుక్క తీసుకుని గ్లాసు పక్కన పెట్టేశారు. 2014 సీసా ఇంతకన్నా అధ్వానం. 2023 సీసాలో మాత్రం ఏ లోపమూ లేదని ఒప్పుకోవాలి. అది మీ దగ్గరికి ఇటీవలే చేరి ఉంటుందని నా ఊహ. 2020 సీసాను తెరవలేదు, తిరిగి పంపడానికి అలాగే ఉంచాను.

ఆ రోజు నా సొంత సీసా లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ ముగ్గురూ బార్లీవైన్ అంటే ఇదేననుకుని మళ్లీ దాని జోలికి పోయేవారు కాదు. నాకు 62 పౌండ్లకంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది. డార్బీలో రైలెక్కితే పావుగంటలోపే బర్టన్ వస్తుంది. అక్కడి బావుల నీటిలో సహజంగానే జిప్సం అనే ఖనిజం ఉండటం వల్ల ఆ ఊరి బీరు ప్రపంచానికంతా తెలిసింది. అక్కడి బాస్ సంస్థ నంబర్ 1 పేరుతో చేసిన ఏల్‌ను 20వ శతాబ్దం మొదట్లోనే బార్లీవైన్ అని లేబులు వేసి అమ్మింది. డార్చెస్టర్‌లో ఎల్డ్రిడ్జ్ పోప్ సంస్థ 1968లో, నవలా రచయిత థామస్ హార్డీ చనిపోయి నలభై ఏళ్లయిన సందర్భంగా, ఆయన పేరుతో ఏళ్ల తరబడి దాచుకునే బలమైన ఏల్‌ను కాచింది. ఇటువంటి చరిత్ర ఉన్న దాన్ని మన భాషలో మొదటిసారి మనవాళ్ల చేతికి అందిస్తున్నప్పుడు, ఆ మొదటి గుక్క విషయంలో అమ్మేవారికి ఎంతో బాధ్యత ఉండాలి.

కరపుస్తకం గురించి కూడా చెప్పక తప్పదు. అందులో బార్లీవైన్‌ను ఒకచోట "ద్రాక్షసారాయంలో ఒక రకం" అని రాశారు. ఇందులో ద్రాక్ష లేదు. ఇది మొలకెత్తించిన బార్లీతో కాచిన ఏల్, వైన్‌తో పోల్చదగిన బలం ఉన్నందువల్ల ఆ పేరు పడింది. తాగే ముందు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. అంత చల్లగా తాగితే ఖర్జూరమూ షెర్రీ ఏవీ ముక్కుకు అందవు, తీపీ ఆల్కహాలు ఘాటూ మాత్రమే మిగులుతాయి. సెల్లార్ చల్లదనం, అంటే 12 నుంచి 14 డిగ్రీలు చాలు. "అడుగున ఉన్నది కలిసేలా సీసాను ఊపి పోయండి" అన్న సలహా వల్ల పారదర్శకంగా పోయగలిగిన బీరు కూడా బురదలా తయారవుతుంది. సీసాను ఒకే వాలున పట్టుకుని నెమ్మదిగా పోసి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి.

వీటికంటే తీవ్రమైన తప్పు ఒకటుంది. 330 మిల్లీలీటర్ల సీసాను "ఒక్కొక్కరికి ఒకటి, మామూలు బీరులాగే" అని మీ పుస్తకం చెబుతోంది. 11.5 శాతం బలమున్న ఆ సీసాలో దాదాపు 3.8 యూనిట్ల ఆల్కహాలు ఉంటుంది (ఇక్కడి లెక్కలో ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు). 4 శాతం బీరు నిండు పింటులో (568 మిల్లీలీటర్లలో) ఉండేది సుమారు 2.3 యూనిట్లు. వారానికి 14 యూనిట్లు మించవద్దని ఈ దేశపు ప్రధాన వైద్యాధికారుల సలహా. మీ మాట నమ్మి ఒకే రాత్రి నాలుగు సీసాలూ తాగినవాడు ఆ వారపు పరిమితిని దాటేస్తాడు. ఇంగ్లీషు లేబుళ్లు చదవడం అలవాటులేని పెద్దవాళ్లు కూడా మీ తెలుగు పుస్తకాన్నే ఆధారం చేసుకుంటారని మరిచిపోవద్దు. ఒక సీసాను ముగ్గురు నలుగురు చిన్న గ్లాసులలో పంచుకుని, పక్కన స్టిల్టన్ చీజ్ ముక్క పెట్టుకుని, గంటసేపు మాట్లాడుకుంటూ తాగవలసినది ఇది.

నేను కోరేవి ఇవి. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం సరుకు సంతృప్తికరమైన నాణ్యతతో, అమ్మకందారు వర్ణించినట్లుగా ఉండాలి. లేనప్పుడు 30 రోజులలోగా తిరస్కరించే హక్కు కొన్నవారికి ఉంది. నేను ఆ గడువులోపలే ఉన్నాను. సీసాలు మీ చేతికి రాకముందే మరొకరి దగ్గర పాడై ఉండవచ్చు, కానీ నాకు అమ్మింది మీరు కనుక బాధ్యత మీదే. పెట్టెను ఒకే వస్తువుగా, సంవత్సరాలను పోల్చి చూసుకోవడానికని అమ్మారు కనుక, 2023 సీసా ధర మినహాయించకుండా మొత్తం 62 పౌండ్లు వాపసు ఇవ్వాలి. తిరిగి పంపే ఖర్చు మీరే భరించాలి. అదే నిల్వలోని 2014, 2017 సీసాలను ఇంకెవరికి పంపారో వారందరికీ ఈ లోపం తెలియజేయాలి. కరపుస్తకాన్ని సవరించేదాకా ఏ పెట్టెలోనూ పెట్టకూడదు. సవరణకు నా సాయం కావాలంటే ప్రతిఫలం ఏమీ తీసుకోకుండా ప్రతి వాక్యాన్నీ సరిచూసి ఇస్తాను. ఈ మాట మర్యాద కోసం అంటున్నది కాదు.

ఈ లేఖ అందిన 14 రోజులలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. అప్పటికీ స్పందన రాకపోతే ప్రజలకు ఉచిత సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వినియోగదారుల విభాగం ద్వారా, వ్యాపార నియమాల అమలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ వారి దృష్టికి తీసుకువెళ్లవలసి వస్తుంది. తెరవని 2020 సీసా, ఖాళీ చేసిన మూడు సీసాలు, వాటి రేకు మూతలు, ఆ రోజు మిగిలిన మీ 2017 బార్లీవైన్‌లో అరగ్లాసు గట్టిగా మూసిన చిన్న సీసాలో భద్రంగా ఉన్నాయి. మీ ప్రతినిధి ఎవరైనా వచ్చి చూడదలిస్తే శని, ఆదివారాలలో ఇంట్లోనే ఉంటాను. ముందురోజు ఫోను చేసి వస్తే చాలు.

ఇట్లు,
భవదీయుడు,
డార్బీ నుంచి మీ వినియోగదారుడు

జతచేసినవి: రసీదు నకలు, సీసాల ఛాయాచిత్రాలు, జనవరి 2న మీరు పంపిన జవాబు నకలు.