పరిశోధన ప్రతిపాదనలో పద్ధతికి చోటివ్వండి - శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

పరిశోధన నిధుల కోసం వచ్చే ప్రాజెక్టు ప్రతిపాదనలను సమీక్షించేవాళ్లలో నేనొకదాన్ని. దరఖాస్తు నమూనాను మార్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇప్పుడున్న నమూనాలో పరిశోధన ప్రాముఖ్యానికి, సమాజానికి ఒరిగే మేలుకి, గతంలో అచ్చయిన పేపర్ల జాబితాకి పేజీలకు పేజీలు కేటాయించారు. అసలు పని ఎలా చేస్తారో చెప్పడానికి మిగిలేది చాలా తక్కువ. మేం తీర్పు చెప్పాల్సింది మాత్రం ఆ కాస్త చోటులో ఉన్నదాన్ని చూసే.

‘నేలలోని సూక్ష్మజీవులపై ఉప్పునీటి ప్రభావాన్ని అధ్యయనం చేస్తాం’ అని ఒక లక్ష్యం రాశారనుకోండి. తప్పు పట్టడానికేమీ లేదు, కానీ ఆ పని ఎప్పటికి పూర్తయినట్టో ఎవరూ చెప్పలేరు. అదే ‘నీటిలో ఉప్పు పెరిగితే నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా తగ్గుతుందా? తగ్గితే ఏ స్థాయి దగ్గర మొదలవుతుంది?’ అని అడిగితే మిగతా ప్రశ్నలన్నీ వరసగా వస్తాయి. ఉప్పు ఎన్ని స్థాయిల్లో కలపాలి, ఒక్కో స్థాయికి ఎన్ని కుండీలు పెట్టాలి, మంచినీళ్లే పోసే కుండీలు ఎన్ని, బాక్టీరియాను ఎలా లెక్కిస్తారు, ఏ ఫలితం వస్తే తమ ఊహ తప్పని ఒప్పుకుంటారు? ఈ చివరి ప్రశ్నకు జవాబున్న ప్రతిపాదన చేతికొస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

శాంపిల్ సంఖ్య సంగతి గట్టిగా చెప్పాలి. శాంపిళ్లు మరీ తక్కువైతే నిజంగా ఉన్న ప్రభావం కూడా కనపడకుండా పోవచ్చు. నిజంగా ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం కనీసం 80 శాతం ఉండేలా ప్రయోగాన్ని రూపొందించాలన్నది మామూలుగా పాటించే ప్రమాణం. నాడీశాస్త్ర అధ్యయనాలను 2013లో పరిశీలించి చూస్తే ఆ అవకాశం మధ్యస్థంగా 21 శాతమే ఉందని తేలింది. ప్రయోగం ముగిశాక ఈ లోపాన్ని సరిదిద్దే దారి లేదు. ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడైతే గణాంక నిపుణులు ఇట్టే పట్టేస్తారు. అందుకే ప్రతి సమీక్షా కమిటీలో ఒక గణాంక నిపుణుణ్ణి తప్పనిసరి చేయండి.

ఏం కొలుస్తామో ముందే రాసిపెట్టడం వల్ల ఎంత తేడా వస్తుందో గుండె జబ్బుల పరిశోధనలో కనిపించింది. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగిన పెద్ద క్లినికల్ ట్రయల్స్‌ను 2015లో పోల్చి చూశారు. 2000కు ముందు అచ్చయిన 30 ట్రయల్స్‌లో 17, పరీక్షించిన చికిత్స వల్ల మేలు జరిగిందని చూపాయి. ప్రధాన ఫలితాన్ని ముందే నమోదు చేసే పద్ధతి వచ్చాక, 25లో 2 మాత్రమే అలా చూపాయి. ఫలితాలు చూశాక అనుకూలమైనదాన్ని ఏరుకునే వీలు లేకుండా చేసే ముందస్తు నమోదే దీనికి ముఖ్య కారణం కావచ్చని ఆ అధ్యయనం చేసినవాళ్లు అన్నారు.

ఇక అనుకున్నది జరగకపోతే ఏం చేస్తారన్న విషయం. రిస్క్ ఉందని రాస్తే మార్కులు పోతాయని యువ శాస్త్రవేత్తలు టెన్షన్ పడి, అంతా సాఫీగా సాగిపోతుందన్నట్టు రాస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, నమూనాలో ఆ మాటకు చోటే లేదు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన విభాగం ఐదేళ్ల ప్రాజెక్టు ప్లాన్లలో ప్రత్యామ్నాయ మార్గాలు కూడా రాయమంటుంది. బయటి నిపుణులు ఆ ప్లాన్‌కి ఎంత సవరణ అవసరమో చెబుతారు: అక్కర్లేదు, స్వల్పం, ఓ మోస్తరు, భారీ, లేదా ఆచరణ సాధ్యం కాదు. శాస్త్రవేత్తలు ప్రతి వ్యాఖ్యకూ జవాబిచ్చి ప్లాన్ సరిదిద్దుకుంటారు. అక్కడ సమీక్ష అంటే ప్లాన్‌ని మెరుగుపరచడం. మన దగ్గర తిరస్కరణ ఉత్తరంలో ఒక్క వాక్యం వస్తుంది, దాంతో ఆ పరిశోధకుడు ఏం నేర్చుకోగలడు?

ఆస్ట్రేలియాలో 2012లో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఒక్క సంస్థకు వచ్చిన ప్రతిపాదనలు రాయడానికే పరిశోధకులు మొత్తం 550 ఏళ్ల పనికాలం వెచ్చించారని ఒక అంచనా. వాటిలో ఎక్కువ భాగానికి నిధులు రాలేదు. అంత శ్రమ పడ్డవాళ్లకు కనీసం సమీక్షకుల పూర్తి వ్యాఖ్యలు అందాలి, తుది నిర్ణయానికి ముందు ఒకసారి బదులు చెప్పుకునే వీలుండాలి.

నమూనాలో సగం పేజీలు ప్రశ్నకు, పద్ధతికి కేటాయించండి. ప్రత్యామ్నాయాలకు ఒక పేజీ విడిగా ఇవ్వండి, నిజాయితీగా రాసినవాళ్లకు మార్కులు తగ్గించవద్దని కమిటీలకు రాతపూర్వకంగా చెప్పండి. తర్వాతి విడత దరఖాస్తులు పిలిచేలోపు కొత్త నమూనా ముసాయిదాను పరిశోధకుల ముందుంచి అభిప్రాయాలు తీసుకోండి. ఆ పనికి నా సమయం ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ప్రతిపాదనలు సమీక్షించే ఒక పరిశోధకురాలు