జెరాష్‌లో నాన్నను వీపున మోసిన ఆ డ్రైవరు గారికి

నాన్న పక్క గదిలో నిద్రపోతున్నారు. కాలు కింద రెండు దిండ్లు పెట్టాం. నిన్న తెల్లవారుజామున హైదరాబాదులో దిగాం. నాలుగు రాత్రులుగా నాకు కంటి మీద కునుకు లేదు, ఇప్పుడు ఇంట్లో ఉన్నా పట్టడం లేదు. అసలేం జరిగిందని అడుగుతున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. కానీ రాయడానికి పెద్ద కారణం వేరే ఉంది. ఒక మనిషికి సరిగా కృతజ్ఞతలు చెప్పకుండానే విమానం ఎక్కేశాను. అమ్మాన్ విమానాశ్రయం గుమ్మంలో నోరు తెరిస్తే మాటకు బదులు ఏడుపు వచ్చింది. ఆయనకు తెలుగు రాదు. అయినా నేను ఏడవకుండా చెప్పగలిగేది ఈ భాషలోనే.

నాన్న 34 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. నల్లబల్ల మీద బేసి సంఖ్యలు వరుసగా రాసి, మొదట ఒకటి, తరువాత రెండు, ఆ తరువాత మూడు చొప్పున విడదీసి కూడమనేవారు. 1 ఒక్కటే. 3, 5 కలిపితే 8. 7, 9, 11 కలిపితే 27. 13, 15, 17, 19 కలిపితే 64. అన్నీ ఘనాలే. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తుంటే, "ఇది మనకు చెప్పినవాడు గెరాసా ఊరివాడు, పేరు నికోమాకస్" అని సుద్దముక్క బల్ల మీద పెట్టేసేవారు. దాదాపు 1900 ఏళ్ల కిందటి మనిషి. గెరాసా అంటే నేటి జెరాష్, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు ఉత్తరాన 48 కిలోమీటర్ల దూరం. 74వ ఏట నాన్న ఆ ఊరు చూడాలన్నారు. ఆయన నా దగ్గర నోరు తెరిచి అడిగినది అదొక్కటే.

మన వైపు నుంచి జోర్డాన్ వెళ్లేవారు ఎక్కువగా నెబో కొండ, యేసు బాప్తిస్మం పొందిన చోటు, పెట్రా చూసి వస్తారు. గుంపుతో వెళితే నాన్న నడకకు ఎవరూ ఆగరు. అందుకని మా ఇద్దరికే ఒక రోజంతా కారు, డ్రైవరు, అక్కడ లోపల తిప్పి చూపించే గైడు ఉండేలా మాట్లాడుకున్నాం.

డ్రైవరు గారికి 50 ఏళ్లుంటాయేమో. సన్నటి మనిషి, నెరిసిన మీసం. హోటలు ముందు నాన్నను చూడగానే ముందు సీటు వెనక్కి జరిపి, కాళ్లు చాపుకోవడానికి చోటు చేశారు. "యా హజ్" అని పిలిచారు, అక్కడ పెద్దవాళ్లను అలా పిలుస్తారట. దారిలో జర్కా నది కనిపించింది. బైబిల్లో యాకోబు దాటిన యబ్బోకు రేవు ఇదే అని ఆయనే చెప్పారు. ఒలీవ తోటల పక్కన ఆగి టీ తాగుతుంటే నాన్న ఊరుకోలేక తన బేసి సంఖ్యల లెక్క బయటికి తీశారు. నాన్న ఇంగ్లీషు ఒక రకం, ఆయన ఇంగ్లీషు ఇంకో రకం. అయినా లెక్క చేరింది. పార్కింగు చీటీ వెనక 3, 5 రాసుకుని కూడి చూశారు. 7, 9, 11 కూడి చూశారు. ఆయన ముఖం విప్పారింది. తన చిన్న కూతురికి లెక్కలంటే భయమని, ఈ ఏడు పెద్ద పరీక్షలని చెప్పారు. అప్పటి నుంచి నాన్న ఆయనకు "ఉస్తాజ్" అయిపోయారు. మన ఉస్తాద్ అన్న మాటే, గురువు అని.

జెరాష్‌లోని పాత రోమన్ నగరపు శిథిలాల్లో మమ్మల్ని గైడు తిప్పి చూపించారు, డ్రైవరు గారు బయట ఆగిపోయారు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 129-130లో వచ్చినప్పుడు కట్టిన తోరణం, 245 మీటర్ల పొడవున రథాల పందేల మైదానం, వాటి తరువాత స్తంభాలు చుట్టూ నిలబడ్డ ఆ పెద్ద గుండ్రటి చౌకు. నాన్న మధ్యలో నిలబడి ఒక్కసారి చుట్టూ తిరిగి, "ఇది వృత్తం కాదమ్మా, దీర్ఘవృత్తమూ కాదు, ఒక పక్క ఉబ్బింది చూడు" అన్నారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అమ్మ పోయిన తరువాత ఆ వెలుగు మళ్లీ చూడలేదు. అక్కడి నుంచి ఉత్తరానికి 800 మీటర్ల రాళ్ల వీధి. రథచక్రాలు ఒరుసుకున్న గాడులు ఇప్పటికీ వేలు పెట్టి తడమవచ్చు. నాన్న వంగి తడిమారు. "ఈ వీధిలో నికోమాకస్ నడిచి ఉంటాడు కదూ" అని నన్ను రెండుసార్లు అడిగారు.

ఆర్టెమిస్ అనే దేవత గుడి దగ్గర 11 స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. 749లో వచ్చిన భూకంపానికి ఊరు నేలమట్టమైనా ఇవి పడలేదు. గైడు ఒక స్తంభం కింద సందులో చెంచా దూర్చి చూపించారు. గాలికి స్తంభం ఊగుతుంటే చెంచా మెల్లగా లేస్తోంది, దిగుతోంది. నాన్న చిన్నపిల్లవాడిలా నేల మీద చతికిలబడి అయిదు నిమిషాలు దాన్నే చూశారు.

మెట్లు దిగేటప్పుడు పడ్డారు. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆ చెయ్యి ఎప్పుడు జారిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. చీలమండ దగ్గర కాలు వేరే వైపు తిరిగిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, నాన్న ఏమీ తినలేదు, చక్కెర పడిపోయి చెమటలు పట్టాయి. గైడు ఫోను మీద ఫోను చేస్తున్నారు. ఎవరో ఎర్ర గళ్ల గుడ్డ ఒకటి ఇస్తే కాలు కదలకుండా కట్టాం. ఆ రాళ్ల మీద చక్రాల కుర్చీ నడవదు. స్ట్రెచరు వస్తుందన్నారు.

అది రాకముందే డ్రైవరు గారు వచ్చారు. దక్షిణ ద్వారం నుంచి ఆ గుడి దాకా పరుగెత్తుకుంటూ వచ్చారు. చొక్కా తడిసి ముద్దయింది. జేబులోంచి ఖర్జూరాలు తీసి ముందు నాన్న నోట్లో పెట్టారు. నాన్న కాస్త తేరుకున్నాక వచ్చి ఆయన ముందు వీపు చూపించి కూర్చున్నారు. నాన్న 72 కిలోలు. వద్దు, వద్దు అంటున్నారు. "ఉస్తాజ్, పట్టుకోండి" అన్నారు అంతే.

ఇక్కడ రాయలేక లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

ఆ వీధి వెంట మోస్తూ ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వాహద్. తలాతా. ఖమ్సా. మొదట అడుగులు లెక్కపెడుతున్నారనుకున్నాను. ఒకటి, మూడు, అయిదు. తరువాత సబ్ఆ, తిస్ఆ. ఏడు, తొమ్మిది. పొద్దున టీ దగ్గర నేర్చుకున్న బేసి సంఖ్యలు! నొప్పి నుంచి నాన్న మనసు మళ్లించడానికి లెక్కల మాస్టారికి లెక్కే ఇచ్చారు. నాన్నకూ అర్థమైంది. స్తంభానికి ఆనుకుని ఊపిరి తీసుకోవడానికి ఆయన ఆగినప్పుడల్లా నాన్న ఆయన చెవి దగ్గర మొత్తం చెప్పేవారు. ఎనిమిది. మళ్లీ నడక. ఇరవై ఏడు. మళ్లీ నడక. అరవై నాలుగు. నూట ఇరవై అయిదు. ఒకరు అరబిక్‌లో, ఒకరు తెలుగులో. నాన్న నొప్పితో తెలుగులోకి వచ్చేశారు. నేను వెనకాల నాన్న చెప్పులు పట్టుకుని నడుస్తున్నాను. నా తండ్రిని నేను ఎత్తలేను. ముందు రోజు దాకా ముఖం కూడా తెలియని మనిషి ఎత్తారు.

ఆసుపత్రిలో చికిత్స మొదలుపెట్టాలంటే 300 దినార్లు ముందుగా కట్టాలన్నారు. మన లెక్కలో 35 వేల రూపాయల పైమాటే. నా దగ్గర బీమా ఉంది. పైసా చేతి నుంచి పెట్టక్కరలేదని, ఒక్క ఫోను చాలని చెప్పి అమ్మిన బీమా. పెద్దవాళ్లు కాబట్టి ఎక్కువ ప్రీమియం కట్టించుకున్నారు. వాళ్లిచ్చిన ఉచిత నంబరు విదేశం నుంచి కలవదు! విదేశంలో అవసరమయ్యే బీమాకు విదేశం నుంచి కలవని నంబరు ఇచ్చినవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. ఇంకో నంబరు పట్టుకుంటే గంటా నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. చివరికి ఒకరు మాట్లాడి, ముందు మీరే కట్టేయండి, బిల్లులన్నీ ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి పంపితే పరిశీలిస్తాం అన్నారు. కార్డుతో కడదామంటే ఓటీపీ నా భారతీయ నంబరుకు వెళుతుంది, ఆ నంబరుకు అక్కడ సిగ్నలు లేదు. ఖాతాలో డబ్బు ఉంది, చేతిలో కార్డు ఉంది, నాన్న బల్ల మీద మూలుగుతున్నారు, ఆరు అంకెలు రాక నేను ఆ కౌంటరు ముందు నిలబడిపోయాను. వృద్ధులైన తల్లిదండ్రులను తీసుకుని బయలుదేరేవాళ్లందరినీ బతిమాలుతున్నాను: బయలుదేరే ముందే రోమింగు వేయించుకోండి. బీమావాళ్ల నంబరుకు బయటి దేశంలో ఉన్న ఎవరిచేతనైనా ఒకసారి ఫోను చేయించి చూడండి. కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

డబ్బు డ్రైవరు గారు కట్టారు. నేను అడగలేదు. అడగడానికి నోరు కూడా రాలేదు. ఆయన నా వెనక నుంచి వచ్చి నోట్లు కౌంటరు మీద పెట్టి, రసీదు నా చేతికిచ్చి, నాన్న దగ్గరికి వెళ్లిపోయారు. అది కారు వాయిదా కోసం తీసిపెట్టిన డబ్బని మరునాడు ఆయన కూతురి మాటల్లో తెలిసింది.

ఆ రాత్రి ఆయన ఇంటికి వెళ్లలేదు. కుర్చీలో కూర్చున్నారు. డాక్టరు చెప్పినది నాకు ఇంగ్లీషులో, నేను చెప్పినది డాక్టరుకు అరబిక్‌లో చెప్పారు. రాత్రి పదింటికి ఆయన భార్య గిన్నె నిండా ఎర్రపప్పు కట్టు, మీద నిమ్మరసం పిండి, రొట్టెలతో పంపారు. ఆ తల్లిని నేను చూడనే లేదు. నాన్న రెండు గిన్నెలు తాగారు.

మరునాడు సాయంత్రం కూతురిని తీసుకొచ్చారు. కట్టు వేసిన కాలుతో మంచం మీద ఆనుకుని కూర్చుని నాన్న ఆ పిల్లకు గంటన్నర లెక్కలు చెప్పారు. ఆ అమ్మాయి అంకెలు అరబిక్ పద్ధతిలో రాస్తుంటే, వీటిని మేము "హిందీ అంకెలు" అంటాం, మీ దేశం నుంచి వచ్చినవే కదా అంది. నాన్న కళ్లు చెమ్మగిల్లాయి. నికోమాకస్ పుస్తకాన్ని తొమ్మిదో శతాబ్దంలోనే థాబిత్ ఇబ్న్ కుర్రా అనే పండితుడు అరబిక్‌లోకి తెచ్చాడని, అది మీ ఊరి లెక్క, మీ భాషలో ఉంది, భయమెందుకని ఆ పిల్లకు చెప్పారు. వచ్చేటప్పుడు ఒక పని కూడా అప్పగించారు: 6ను భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3 కూడితే మళ్లీ 6 వస్తుంది. 28 కూడా అంతే. తరువాతిది నువ్వే కనుక్కో అని.

తమ్ముడు డబ్బు పంపగానే నేను 500 దినార్లు కవరులో పెట్టి ఇచ్చాను. ఆయన 300 లెక్కపెట్టుకుని మిగిలినవి నా చేతిలో పెట్టి, "ఉస్తాజ్ పాఠానికి నేనేమిచ్చాను?" అన్నారు. అన్నా, నీకు నేను బాకీ పడ్డది ఆ కవరులో పట్టేది కాదు. నా పిల్లలకు తాతగారి కథలు చెప్పేటప్పుడు నీ పేరు చెప్పే చెబుతాను. ఇక్కడ రాయడానికి నీ అనుమతి అడగలేదు కాబట్టి రాయడం లేదు.

మా ఆయన, తమ్ముడు, మరదలు చేయవలసినదంతా చేశారు. వాళ్లకు వేరే చెప్పాలా.

విమానంవాళ్లతోనూ ఒక రోజు పోయింది. ప్రయాణానికి పనికొస్తారని డాక్టరు పత్రం కావాలి, వాపుకు చోటుండేలా పిండికట్టు పొడుగునా కోయించాలి. అది అర్థం చేసుకోగలను. అదే కాగితాన్ని మూడుసార్లు అడగడం మాత్రం అర్థం కాలేదు.

అయ్యో, గైడు గారిని మరిచాను. ఆయన తన తరువాతి బేరం వదులుకుని ఆసుపత్రి దాకా వచ్చారు. నాన్న బాగా చూడలేకపోయారని ఆ గుడి ఫొటోలు మళ్లీ తీసి పంపారు. తన సంచీలోంచి బ్యాండేజీ తీసిచ్చిన ఫ్రెంచి దంపతులు. రాత్రి డ్యూటీలో ప్రతి గంటకూ చక్కెర చూసి, నాన్నను "బాబా" అని లేపిన నర్సమ్మ. గల్ఫ్‌లో విమానం మారేటప్పుడు చక్రాల కుర్చీ తోసిన కరీంనగర్ తమ్ముడు. "పెద్దాయనా, మనోళ్లే ఉన్నరు, భయం లేదు" అన్న ఆ ఒక్క మాటకు నాన్న రెండు రోజుల తరువాత నవ్వారు. కింద వాటాలో ఉండే అక్క, మేము వచ్చేసరికి ఇల్లు తుడిపించి, మంచాన్ని కింది గదిలోకి మార్పించారు.

ఇంకొకరున్నారు. ఆ శిథిలాల్లోని దక్షిణపు నాటకశాలలో సంచివాద్యం (బ్యాగ్‌పైప్) ఊదే పెద్దాయన, సైన్యంలో పనిచేసి వచ్చినవారు. ఎర్ర గళ్ల గుడ్డ ఆయనదే. తన తల మీది షెమాగ్ విప్పి ఇచ్చేసి, ఒట్టి తలతో ఎండలో నిలబడిపోయారు. ఎవరిదని అడగాలన్న సంగతి కూడా ఆ గందరగోళంలో తోచలేదు, గైడు గారు ఫోనులో చెబితే తెలిసింది. ఆ గుడ్డ మా సంచీలో వచ్చేసింది. పొద్దున ఉతికి డాబా మీద ఆరేశాను. ఎలా పంపాలో డ్రైవరు గారినే అడగాలి.