వెయ్యి పెంచుతానంటే ఐదొందలు చాలన్నాను

సంపాదకులకు నమస్కారం.

బాలానగర్‌లో మిషన్ పార్టులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మొన్న ఏప్రిల్‌లో మా సార్ పిలిచి "నీకు వెయ్యి పెంచుతున్నానమ్మా" అన్నారు. "వద్దు సార్, ఐదొందలు చాలు" అన్నాను. ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు చూశారాయన. అప్పటికి నా జీతం 20,300. వెయ్యి కలిపితే 21,300 అవుతుంది. ఈఎస్‌ఐ, అంటే జీతంలో కొంత కోసుకుని ఉద్యోగికీ ఇంట్లోవాళ్లకూ వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా, పోతుంది.

ఈఎస్‌ఐకి నెల జీతం 21,000 దాటకూడదు. మా దగ్గర హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం), అలవెన్సులు అంటూ ఏమీ లేవు, ఉన్నదంతా బేసిక్, డీఏ (కరువు భత్యం) మాత్రమే, అంటే జీతమంతా లెక్కలోకి వస్తుంది. దాటితే దాటినట్టే. వెంటనే కార్డు కోసేయరు లెండి, ఏప్రిల్ తర్వాత పెరిగితే సెప్టెంబరు ఆఖరు దాకా, అక్టోబరు తర్వాత పెరిగితే మార్చి ఆఖరు దాకా కోత పడుతూనే ఉంటుంది. ఆ పైన మనం బయట. ప్రతినెలా 15లోపు అందరి చలానా కట్టేది నేనే కాబట్టి ఈ లెక్క నాకు నిద్రలో కూడా తెలుసు.

ఈ 21,000 ఎప్పటిదో తెలుసా? 2017 జనవరిలో 15,000 నుంచి పెంచారు. అప్పుడు మా కంపెనీలో సూపర్‌వైజర్లు కూడా లోపలే ఉండేవారు. ఇప్పుడు లేత్ మీద నాలుగేళ్లు పనిచేసిన కుర్రాడు కూడా ఆ గీత దగ్గరికి వచ్చేశాడు. పక్క షెడ్డు ఓనరు "పెంచితే మీకే నష్టం" అంటూ మూడేళ్లుగా అందరినీ 20,900 దగ్గరే ఆపాడు. ఇంకొకాయన సరిగ్గా 21,050 చేసి, వాళ్ల ఈఎస్‌ఐకి తాను కట్టాల్సిన 3.25 శాతం వాటా మిగుల్చుకున్నాడు. ఇద్దరి తెలివీ ఒక్కటే.

ఇప్పుడు అసలు టెన్షన్. అమీర్‌పేటలో ఒక షోరూమ్ వాళ్లు 24,000 ఇస్తామన్నారు. ఇప్పుడు నాకు వచ్చేది 20,800, అంటే 3,200 ఎక్కువ. ఈఎస్‌ఐకి కోసే 156 కూడా మిగులుతుంది. మూసాపేట నుంచి బస్సు, అదీ ఆడవాళ్లకు ఉచితమే. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. కానీ అమ్మకు షుగరు, బీపీ, థైరాయిడ్. మూడు మందులూ, ఇన్సులినూ నెలనెలా ఈఎస్‌ఐ డిస్పెన్సరీలోనే ఉచితంగా తెచ్చుకుంటున్నాం. అదే చీటీ మా వీధి మెడికల్ షాపులో ఇచ్చి రేటు కట్టమంటే 3,640 అన్నాడు. జనరిక్ కొంటే కొంత తగ్గుతుంది, కాదనను. అయినా మా ఆయన క్యాబ్ నడుపుతారు, పిల్లాడు ఆరో తరగతి. నలుగురికీ ఉన్నది ఆ ఒక్క కార్డే. పోయినేడు అమ్మ పిత్తాశయం ఆపరేషన్‌కు మేం అప్పు చేయలేదంటే దాని పుణ్యమే. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. అది ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది, నెలనెలా ఇన్సులిన్‌కు కాదు.

పరిమితి పెంచమని అందరూ అడుగుతున్నారు, పెంచితే మంచిదే. కానీ నాలుగేళ్లకు మళ్లీ ఇదే కథ. నేను అడిగేది ఇంకొకటి. గీత దాటినవాళ్లు కావాలంటే డబ్బు కట్టి కొనసాగే వీలు ఇవ్వండి. నా వాటా 0.75, యజమాని వాటా 3.25 కలిపితే 4 శాతం. 24,000 మీద 960 రూపాయలు. నేనే కట్టుకుంటాను, ఎవరూ ఊరికే ఇవ్వక్కర్లేదు. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కట్టి, తమకూ భార్యకో భర్తకో వైద్యం పొందే ఏర్పాటు ఇప్పటికే ఉంది. రిటైరైనవాళ్లకు ఇవ్వగలిగింది, ఉద్యోగం చేస్తూ డబ్బు కడతామనేవాళ్లకు ఇవ్వడానికి ఏం అడ్డం?

షోరూమ్ వాళ్లకు సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. మీ గ్రూప్ ఇన్సూరెన్సులో అమ్మ పేరు ఎక్కిస్తారా అని అడిగాను. కనుక్కుని ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చేయలేదు.

— ఒక అకౌంట్స్ ఉద్యోగిని,
మూసాపేట, హైదరాబాద్