అంటార్కిటికా దాకా తీసుకెళ్లి కాలు కింద పెట్టనివ్వలేదు, అడిగితే పలకడం లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

"మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని మీ రికార్డింగ్ అమ్మాయి చెప్పినన్నిసార్లు ఈమధ్య నన్ను ఇంట్లోవాళ్లు కూడా పలకరించలేదు. అయినా ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ మొదటినుంచీ చెప్పమంటారు కాబట్టి ఇక్కడా మొదటినుంచే చెబుతాను.

అనంతపురం జిల్లాలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. హిమానీనదాల పాఠం బోర్డు మీద బొమ్మలేసి చెప్పడమే తప్ప ఎన్నడూ కళ్లతో చూసింది లేదు. రిటైర్మెంట్ డబ్బులో పెద్ద ముక్క మీ చేతిలో పెట్టి, నేనూ మా ఆవిడా మీ అంటార్కిటికా టూర్‌కు వెళ్లాం. అర్జెంటీనాలో ఓడ ఎక్కాం. డ్రేక్ జలసంధి దాటేలోపు ఇద్దరికీ తిన్నది ఒంటబట్టలేదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, సముద్రం మీ కంపెనీది కాదు. గెర్లాష్ జలసంధిలో తిమింగలాలు చూశాం, పారడైజ్ బేలో మంచు విరిగి నీళ్లలో పడడం చూశాం. అన్నీ డెక్ మీద రెయిలింగ్ పట్టుకునే! మీ బ్రోచర్ అట్ట మీద మాత్రం ఎర్ర కోటు వేసుకున్న ఒకాయన పెంగ్విన్ల గుంపు ముందు మోకాళ్ల మీద కూర్చుని నవ్వుతుంటాడు.

500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ నుంచి అక్కడ ఎవరినీ ఒడ్డుకు దింపకూడదట. చిన్న ఓడలైనా ఒకచోట ఒకేసారి 100 మందికి మించి దింపకూడదట. మీరు మమ్మల్ని ఎక్కించింది పెద్ద ఓడ. ఈ సంగతి ఓడ సిబ్బంది చెబితే తెలిసింది కానీ డబ్బు కట్టించుకున్న మీరు చెప్పలేదు.

సరే, పొరపాటు పడ్డారు, తిరిగి వెళ్లి అడిగితే మర్యాదగా మాట్లాడతారులే అని మా ఆవిడకు నేనే సర్దిచెప్పాను.

సప్తగిరి సర్కిల్ దగ్గరి మీ ఆఫీసుకు వెళ్లాను. గుమ్మంలో అట్ట పెంగ్విన్ ఒకటి, మెడలో "సెల్ఫీ ప్లీజ్" అని బోర్డు, విరిగిన రెక్కకు సెల్లో టేపు. అంటార్కిటికాలో పెంగ్విన్‌కు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలంటారు. మీ దానికి ఆ పట్టింపు లేదు కాబట్టి నన్ను మధ్యాహ్నం దాకా దాని పక్కనే కూర్చోబెట్టారు. బుకింగ్ రోజు "అంకుల్, ఆంటీ" అంటూ కాఫీ తెప్పించిన కుర్రాడే, ఈసారి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా "ఇంటర్నేషనల్ మా చేతుల్లో లేదు సార్, హైదరాబాద్‌లో అడగండి" అన్నాడు. హైదరాబాద్ మేడమ్ "క్రూయిజ్ డెస్క్‌కు కలుపుతాను, లైన్లో ఉండండి" అని పాట పెట్టింది. పాట అయిపోయింది, లైనూ కట్టయింది. ముంబై ఆయన వాతావరణం బాగాలేక దింపలేదని హిందీలో పాఠం చెప్పాడు. అక్కడ మేమున్నన్నాళ్లూ ఎండ కాసింది. ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి, అంతే.

ఆ తర్వాత వచ్చింది మీ సీనియర్ ఎగ్జిక్యూటివ్ గారి మెయిల్. ధ్రువపు ఎలుగుబంట్ల బెడద వల్ల, మా భద్రత కోసమే కిందికి దింపలేదట! అయ్యా, ధ్రువపు ఎలుగుబంట్లు ఉండేది ఆర్కిటిక్‌లో. అంటార్కిటికాలో మందుకు కూడా ఒక్కటి దొరకదు. పరీక్షలో ఇలా రాసిన పిల్లాడికి నేను సున్నా వేసేవాణ్ణి, మీరు ప్రమోషన్ ఇచ్చినట్టున్నారు. ఆ మెయిల్ అడుగునే "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని కూడా ఉంది. ఏం పరిష్కరించారని? కాదు, ఇంకా ఉంది అంటే కొత్త కంప్లైంట్ పెట్టమంటున్నారు, మళ్లీ బుకింగ్ నంబర్‌తో సహా.

మా అన్నయ్య వాళ్ల కాశీ యాత్ర, మా అమ్మాయి వాళ్ల సింగపూర్, మా చార్‌ధామ్, అన్నీ మీ దగ్గరే. మా వాకింగ్ బ్యాచ్ కాశ్మీర్ వెళ్లింది నా మాట మీదే. ఇప్పుడు వాళ్లే పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో "ఏం సారూ, పెంగ్విన్లతో దిగిన ఫొటో చూపీయప్పా" అని ఆట పట్టిస్తున్నారు. ఇన్నేళ్ల కస్టమర్‌కు ఒక్క "సారీ" చెప్పడానికి మీకు నోరు రాలేదు.

ఒడ్డుకు దింపే ఓడకూ దింపని ఓడకూ ధరలో ఎంత తేడా ఉంటుందో మీకే బాగా తెలుసు, ఆ తేడా నాకు వెనక్కి ఇవ్వాలి. అంతకంటే ముందు, అంటార్కిటికా గ్లోబు మీద ఏ వైపు ఉంటుందో తెలిసిన మనిషి చేత నాకు ఫోన్ చేయించండి. రికార్డింగ్ అమ్మాయి చేత వద్దు.

లేదంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ముంబై దాకా వెళ్లక్కర్లేదు. మీ ముంబై ఆయనే అనంతపురం వస్తాడు. వాయిదా మే నెలలో పడితే మరీ సంతోషం. మీ ఎలుగుబంటి మెయిల్‌ను ప్రింటు తీసి లామినేషన్ కూడా చేయించాను, వినియోగదారుల కమిషన్ ముందు పెట్టే మొదటి కాగితం అదే.

ఇట్లు,
రిటైర్డ్ సోషల్ టీచర్, అనంతపురం
(బుకింగ్ నంబర్ మీ దగ్గర ఉంది. ఈసారికి మీరే వెతుక్కోండి.)