మంత్రి గారూ, ఫ్యామిలీ డాక్టర్లకు మార్కులు వేసే ముందు

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఫ్యామిలీ డాక్టర్లకు పనితీరును బట్టి డబ్బులివ్వాలన్న ఆలోచన మీ శాఖలో నడుస్తోంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ ఆలోచన తప్పని చెప్పడానికి కాదు. ఓపిగ్గా చూసే డాక్టరుకీ, మనిషి మొహం కూడా చూడకుండా మందులు రాసి పంపేసే డాక్టరుకీ ఒకటే లెక్క అంటే అది న్యాయం కాదు. నా భయమల్లా మీరు దేన్ని కొలుస్తారన్న దాని గురించే. దేనికి డబ్బు కడితే ఆ పని జరుగుతుంది, కట్టనిది మెల్లగా వెనకబడిపోతుంది.

బ్రిటన్‌లో 2004లో ఈ పనిని చాలా పెద్ద ఎత్తున చేసి చూశారు. బీపీ రాశారా, షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లు పరీక్షించారా, ఇలా మొదట్లో 146 సూచికలు పెట్టి, ఫ్యామిలీ డాక్టర్ల ఆదాయంలో దాదాపు నాలుగో వంతు వాటికి ముడిపెట్టారు. ప్రభుత్వం అనుకున్న దానికంటే ఎక్కువ మార్కులే వచ్చాయి. ఐదేళ్ల తర్వాత, 2009లో వచ్చిన ఒక అధ్యయనం అసలు సంగతి బయటపెట్టింది. ఆస్తమా, షుగర్ వైద్యం కొన్నాళ్లు వేగంగా మెరుగుపడి తర్వాత ఆ జోరు తగ్గింది. ఆస్తమా, గుండె జబ్బుల వాళ్ల విషయంలో డబ్బు కట్టని పనుల నాణ్యత పడిపోయింది. పేషెంటు ఎప్పుడూ తనను చూసే డాక్టరు దగ్గరికే వెళ్లగలగడం పథకం మొదలైన వెంటనే తగ్గింది, మళ్లీ కోలుకోలేదు. స్కాట్లాండ్ 2016లో ఆ పథకాన్ని పూర్తిగా ఎత్తేసింది.

పేషెంటు తన డాక్టరుకి దూరమయ్యే ఈ నష్టం చిన్నదని దయచేసి అనుకోకండి, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. నార్వేలో 2021లో వచ్చిన అధ్యయనంలో, ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లను ఏడాదిగా మాత్రమే ఉన్నవాళ్లతో పోల్చి చూస్తే మరణాలు సుమారు 25 శాతం తక్కువ, ఆస్పత్రిలో చేరడం కూడా దాదాపు అంతే తక్కువ. అంత మేలు చేసే మాత్ర ఏదైనా దొరికితే మీ శాఖ రేపే కొనదా? ఏళ్ల తరబడి చూసిన డాక్టరుకి ఈ పేషెంటు మామూలుగా ఫిర్యాదు చేసే మనిషి కాదనీ, ఇవాళ నొప్పి అంటోందంటే అది పట్టించుకోవాల్సిందేననీ తెలుస్తుంది. ఆ తెలివిడికి ఏ ఫారంలోనూ గడి ఉండదు.

అంకెల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. షుగర్‌ను వీలైనంత కిందికి దించితే మంచిదేనని అందరూ నమ్మిన రోజుల్లో అమెరికా, కెనడాల్లో పది వేల మందికి పైగా షుగర్ పేషెంట్లతో ఒక పెద్ద ట్రయల్ నడిచింది. హెచ్‌బీఏ1సీని (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష అంకెను) 6 శాతం కంటే కిందికి తేవాలని గట్టిగా ప్రయత్నించిన గుంపులోనే మరణాలు ఎక్కువయ్యాయి, 2008లో ఆ చికిత్సను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఒంటరిగా ఉంటూ, షుగర్ పడిపోతే కళ్లు తిరిగి పడిపోయే ఎనభై ఏళ్ల పెద్దాయనకు 8 దగ్గర సరిపెట్టిన డాక్టరు మంచి పనే చేశాడు. అందరికీ ఒకే టార్గెట్ పెడితే మీ పట్టికలో ఆ డాక్టరుకి సున్నా పడుతుంది. అందుకే, ఈ పేషెంటుకి ఈ టార్గెట్ తగదని కారణం రాసి పక్కన పెట్టే హక్కు డాక్టరుకి ఉండాలి. బ్రిటన్ కూడా మొదటి నుంచీ ఆ వెసులుబాటు ఇచ్చింది.

పేదవాళ్లు ఎక్కువగా ఉన్న చోట పనిచేసే డాక్టర్ల సంగతి మరీ ముఖ్యం. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే అది తక్కువగా దొరుకుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే ఫ్యామిలీ డాక్టరు 1971లోనే రాశారు. వయసు, జబ్బుల సంఖ్య, పేదరికం లెక్కలోకి తీసుకోకుండా డాక్టర్లను పోలిస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చూసే డాక్టరుకే బోనస్ వెళ్తుంది. అప్పుడు కష్టమైన పేషెంట్లను తప్పించుకోవాలన్న ఆశ మంచివాళ్లలోనూ పుడుతుంది, అది మీ పథకమే పుట్టించినట్టవుతుంది.

మరి ఏం కొలవాలి? ఒక పేషెంటు వచ్చిన పది సార్లలో ఎన్నిసార్లు అదే డాక్టరు చూశారో కొలవండి. ఓపీ రికార్డుల్లోంచే తీయొచ్చు, ఎవరూ కొత్తగా ఏ ఫారమూ నింపక్కర్లేదు. పేషెంటుకి ఎంత సమయం ఇస్తున్నారో చూడండి. 67 దేశాల లెక్కలు తీసిన 2017 నాటి పరిశీలనలో డాక్టరు చూసే సమయం సగటున బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా. 48 సెకన్లలో ఏ సూచికను నింపినా అది నాణ్యత కాదు. అనవసరమైన యాంటీబయాటిక్ రాయకపోవడాన్ని కూడా లెక్కించండి, రాయకుండా నచ్చజెప్పడానికి రాయడం కంటే ఎక్కువ ఓపిక కావాలి. డాక్టరు చెప్పింది అర్థమైందా అని పేషెంట్లనే అడగండి.

సూచికలు కొద్దిగానే ఉంచండి, వాటికి ముడిపెట్టే డబ్బు ఆదాయంలో చిన్న భాగమే ఉండనివ్వండి, అదీ డాక్టరు ఒక్కరికే కాకుండా నర్సులతో సహా టీమ్ మొత్తానికి అందేలా చూడండి. ఒకసారి పెట్టిన సూచికను తీసేయడం కూడా తేలిక కాదు. బ్రిటన్‌లో 2014లో కొన్ని సూచికలకు డబ్బు ఆపగానే ఆ పనులు చేసినట్టు రికార్డుల్లో రాయడం వెంటనే తగ్గిపోయింది. కాబట్టి ముందు కొన్ని చోట్ల చేసి చూసి, ఫలితాలు బాగున్నా లేకున్నా బయటపెట్టి, ఆ తర్వాతే అంతటా పెట్టండి. ఆ సూచికలు తయారుచేసే కమిటీలో కనీసం సగం మంది రోజూ ఓపీ చూసే డాక్టర్లు, నర్సులు, ఏళ్లుగా మందులు వాడుతున్న పేషెంట్లు ఉండాలి. ముసాయిదా సిద్ధం కాకముందే వాళ్లను పిలవండి.

ఇట్లు,
ఒక ఫ్యామిలీ డాక్టరు