విషయం: ఆ ఆదివారం మా ఇంటికి తాళం లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మార్చిలో కూకట్‌పల్లిలో మీ ఎలక్ట్రిక్ గ్రిల్ కొన్నాను. రెండు నెలలు తిరక్కుండానే ఒక పక్క వేడెక్కడం మానేసింది. వస్తువన్నాక చెడిపోతుంది, దానికి కోపం లేదు. ఆ తర్వాత మీవాళ్లు పెట్టిన తిప్పలకే ఈ ఉత్తరం.

మొదటిసారి ఫోన్ చేస్తే తెలుగుకు 2 నొక్కమన్నారు. నొక్కితే హిందీలో మాట్లాడే ఆవిడ వచ్చారు. 20 నిమిషాలు మ్యూజిక్ వినిపించాక లైన్ కట్ అయింది. రెండోసారి ఒకబ్బాయి ప్లగ్ తీసి పెట్టమన్నాడు. పెట్టానన్నా మళ్లీ పెట్టమన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా మొదటి నుంచీ అంతా చెప్పించుకోవడమే. కంప్లైంట్ నంబరు చెబితే, "అది క్లోజ్ అయిపోయింది మేడం, కొత్తది పెడతాను" అంటారు. మనిషే రాకుండా ఎలా క్లోజ్ అయిందని అడిగితే, "సిస్టమ్‌లో అలాగే ఉంది" అంటారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఆదివారం జరిగింది మాత్రం ఓర్చుకోలేను.

ఆ రోజు మా నాన్నగారి 78వ పుట్టినరోజు. పాతబస్తీలో తిన్న పత్తర్ కా గోష్త్, అదే వేడి రాతి పలక మీద కాల్చే మటన్, అంటే ఆయనకు ప్రాణం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గులు రాజేసి రాతి పలక పెట్టలేం కదా, అందుకే గ్రిల్ కొన్నది. శనివారం సాయంత్రం మీ టెక్నీషియనే ఫోన్ చేసి, "రేపు పదింటికల్లా వచ్చేస్తా" అన్నాడు. ఆ మాట నమ్మి పొద్దున్నే ఎముకల్లేని మటన్ కిలోన్నర తెచ్చి, పల్చగా కోసి, అప్పడాల కర్రతో కొట్టి, పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించాను. నాన్నగారికి పళ్లు సరిగా లేవు, బొప్పాయి వేయకపోతే నమల్లేరు. కానీ బొప్పాయి పట్టించిన మాంసం ఎవరికోసమూ ఆగదు. అందులోని పపైన్ అనే ఎంజైమ్ ముక్కను మెత్తబరుస్తూనే ఉంటుంది.

పదయింది, పన్నెండయింది. 11 సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. రెండింటికి ఇక లాభం లేదని దోసె పెనం మీద వేస్తే, తిరగేయబోయేసరికి ముక్క విడిపోయి అట్లకాడకు ముద్దలా అంటుకుంది. నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు. పెరుగన్నం తిని లేచారు.

చేతులు కడుక్కుంటుంటే మీ మెసేజ్ వచ్చింది: టెక్నీషియన్ వచ్చారట, ఇంటికి తాళం వేసి ఉందట, కంప్లైంట్ మూసేశారట!

ఇంట్లో తొమ్మిది మందిమి ఉన్నాం. గుమ్మం ముందు తొమ్మిది జతల చెప్పులున్నాయి. వాచ్‌మన్ రిజిస్టర్‌లో మీవాళ్ల సంతకం లేదు, ఆ పేజీ ఫోటో జత చేశాను.

మీ మిక్సీని మా అమ్మ 19 ఏళ్లు వాడింది. ఆ నమ్మకంతోనే గ్రైండర్, గీజర్ కూడా మీవే కొన్నాం. మా చెల్లి చేతా కొనిపించాను. ఇప్పుడు తనకి ఏం సమాధానం చెప్పమంటారు?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వారంలో కదలిక లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫీజు కూడా లేదు. గ్రిల్ మారుస్తారో, డబ్బు వాపసిస్తారో తర్వాత మాట్లాడదాం. ముందు మీ రికార్డులో "తాళం వేసి ఉంది" అన్న మాట కొట్టేసి, మీ మనిషి రాలేదని రాసి, దాని కాపీ నాకు పంపండి. అది మా నాన్నగారికి చూపించాలి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
హైదరాబాద్